సర్వర్ ఆగితే కెమెరా కూడా ఆగుతుంది: కొనేముందు ఇది చదవండి

ఇంటికి స్మార్ట్ కెమెరా గానీ, తలుపు సెన్సర్ గానీ, ఫోన్‌తో నడిచే ఇంకే వస్తువైనా గానీ కొనబోతున్నవాళ్ళు దయచేసి ఇది చదివాకే డబ్బు కట్టండి.

మా నాన్న ఒక్కరే ఉంటారు. వయసు మీద పడింది, ఒకసారి బాత్రూమ్ దగ్గర జారిపడ్డారు కూడా. అందుకని హాల్లో ఒకటి, వెనక తలుపు దగ్గర ఒకటి కెమెరాలు పెట్టించాను. కంపెనీ పేరు రాయడం లేదు. ఒక పేరు రాస్తే మిగతావన్నీ మంచివనుకుంటారని నా భయం. కొనేముందు రివ్యూలు చదివాను, వాడేవాళ్ళ గ్రూపుల్లో అడిగాను. "కళ్ళు మూసుకుని కొనండి" అన్నారు. వాళ్ళు అబద్ధం చెప్పలేదు. కాకపోతే చాలామంది కొన్న వారం పది రోజుల్లోనే రాశారు. బొమ్మ బాగుందా, యాప్ తేలిగ్గా ఉందా అన్నదే అందులో ఉంది. మూడేళ్ళ తర్వాత ఆ వస్తువు ఏమవుతుందో అప్పటికి వాళ్ళకీ తెలియదు.

రెండేళ్ళు బాగానే నడిచింది. తర్వాత ఆ కంపెనీని ఇంకో పెద్ద కంపెనీ కొనేసింది. పాత అకౌంట్లు ఫలానా తేదీకి మూతపడతాయి, ఆలోపు కొత్త యజమాని అకౌంట్‌లోకి మారండి అని మెయిల్ పంపారట. నేను చూడలేదు. నా మెయిల్ సర్వీసు దాన్ని ఆఫర్లు, ప్రకటనలు పడే చోటికి పంపేసింది. ఒకరోజు యాప్ తెరిస్తే మళ్ళీ లాగిన్ అవ్వమంది. నేను మొదట్లో సోషల్ మీడియా బటన్ నొక్కి అకౌంట్ తెరిచాను. పాస్‌వర్డ్ అంటూ ఎప్పుడూ పెట్టుకోలేదు. ఇప్పుడు చూస్తే ఆ బటనే లేదు. పాస్‌వర్డ్ మార్చుకుందామంటే లింకు నేను ఎప్పుడో వాడడం మానేసిన పాత మెయిల్‌కి వెళ్తోంది. సపోర్ట్‌కి రాస్తే యంత్రం ఇచ్చే జవాబులే మళ్ళీ మళ్ళీ వచ్చాయి.

అది తేలడానికి పదకొండు రోజులు పట్టింది. ఆ మధ్యలో ఒక సాయంత్రం నాన్న ఫోన్ ఎత్తలేదు. రెండు గంటలు. యాప్ తెరిస్తే గుండ్రంగా తిరిగే గీత తప్ప ఏమీ లేదు. చివరికి పక్కింటివాళ్ళని పంపితే ఆయన నిద్రపోతున్నారని తెలిసింది. ఆ రెండు గంటల టెన్షన్ నేను ఇంకా మర్చిపోలేదు. కెమెరా పాడవలేదు. కరెంటు ఉంది, ఇంటర్నెట్ ఉంది, లైటు కూడా వెలుగుతోంది. దాన్ని చూసే హక్కు మాత్రం నా చేతిలో లేదు.

అకౌంట్ తిరిగి వచ్చిన రోజే ఇంకో మాట చెప్పారు. నా మోడల్‌కి ఆ నెలాఖరుతో సర్వీసు ఆపేస్తున్నారట.

సర్వీసు ఆపితే కెమెరా ఎందుకు చస్తుందో నాకు అప్పటిదాకా తెలియదు. ఇలాంటి చాలా కెమెరాలు ఫోన్‌తో నేరుగా మాట్లాడవు. కెమెరా వీడియోను కంపెనీ సర్వర్‌కి పంపుతుంది, ఫోన్ ఆ సర్వర్ నుంచి తెచ్చుకుంటుంది. మీరు అదే గదిలో కూర్చుని చూస్తున్నా బొమ్మ ఎక్కడో ఉన్న డేటా సెంటర్‌కి వెళ్ళి రావాల్సిందే. మధ్యలో ఆ సర్వర్ తీసేస్తే మిగిలేది ప్లాస్టిక్ డబ్బా.

ఇది నా ఒక్కడి దురదృష్టం కాదు. రివాల్వ్ అనే స్మార్ట్ హోమ్ హబ్, అంటే ఇంట్లోని స్మార్ట్ వస్తువులన్నిటినీ కలిపి నడిపే పెట్టె, ఉండేది. దాన్ని తయారుచేసే సంస్థను 2014లో గూగుల్‌కి చెందిన నెస్ట్ కొన్నది, 2016 మే నెలలో సర్వీసు ఆపేసింది, హబ్‌లన్నీ పనికిరాకుండా పోయాయి. స్మార్ట్ లైట్లు, స్విచ్‌లు అమ్మే ఇన్‌స్టియాన్ అనే కంపెనీ 2022 ఏప్రిల్‌లో వాడేవాళ్ళకి ముందుగా ఒక్క ముక్క చెప్పకుండా సర్వర్లు ఆపేసింది. ఫేస్‌బుక్ కంపెనీవే అయిన ఓకులస్ హెడ్‌సెట్లు (వీఆర్ ఆటల కోసం కళ్ళకు పెట్టుకునేవి) కొత్తగా వాడేవాళ్ళు ఫేస్‌బుక్ అకౌంట్‌తోనే లాగిన్ కావాలని 2020 అక్టోబరులో షరతు పెట్టారు. జనం గట్టిగా అభ్యంతరం చెప్పారు, 2022 ఆగస్టులో గానీ ఆ షరతు పోలేదు. అంతకుముందు, 2009లో, అమెజాన్ తన కిండిల్ అనే ఈ-బుక్ రీడర్ వాడేవాళ్ళ పరికరాల్లోంచి వాళ్ళు డబ్బిచ్చి కొన్న రెండు నవలలను దూరం నుంచే తుడిచేసింది. అమ్మినవాళ్ళకి వాటి హక్కులు లేవన్నది కారణం. డబ్బు తిరిగిచ్చారు, తర్వాత క్షమాపణ కూడా చెప్పారు. కానీ మన చేతిలో ఉన్నదాన్ని ఇంకొకరు అక్కడినుంచే తీసేయగలరని ఆరోజు అందరికీ తెలిసింది.

వాడేవాళ్ళ గ్రూపుల గురించి కూడా చెప్పాలి. నన్ను కొనమన్నదీ అలాంటి గ్రూపే, చివరికి దారి చూపించిందీ అలాంటి గ్రూపే. కంపెనీ తానే నడిపిన గ్రూపు కంపెనీతో పాటే మాయమైంది. అందులో జనం ఏళ్ళ తరబడి రాసుకున్న చిట్కాలన్నీ పోయాయి. బయట వాడేవాళ్ళే సొంతంగా నడుపుకునే ఇంకో గ్రూపులో ఒకాయన ఆరు నెలల కిందటే రాసిపెట్టారు: యాప్ సెట్టింగ్స్‌లో ఆర్‌టీఎస్‌పీ అనేది ఆన్ చేసుకుంటే సర్వర్ లేకపోయినా ఇంట్లోని కంప్యూటర్‌లో నేరుగా చూడొచ్చని. నేను చదివేసరికి యాప్ ఆగిపోయింది, ఆ సెట్టింగ్ తెరిచే దారే లేదు. అది చదువుతూ నిజంగా ఏడుపొచ్చింది.

అలాంటివాళ్ళ మీద నాకు చాలా గౌరవం ఉంది. పెబుల్ అనే స్మార్ట్ వాచీల సర్వర్లు 2018 జూన్ 30తో ఆగిపోతే, రెబుల్ అనే పేరుతో అభిమానులే వాటి సర్వీసులు నడిపారు. ఇన్‌స్టియాన్‌ని చివరికి దాని వినియోగదారుల్లోనే కొందరు కొని మళ్ళీ నిలబెట్టారు. కంపెనీ సర్వర్ మీద ఆధారపడకుండా ఇంట్లోనే అన్నిటినీ నడిపే హోమ్ అసిస్టెంట్ అనే సాఫ్ట్‌వేర్ 2013 నుంచీ చాలావరకు ఇలాంటి వాలంటీర్ల పనితో పెరిగింది. మీరు కొనబోయే మోడల్ దానితో పనిచేస్తుందో లేదో ముందు అది వాడేవాళ్ళ గ్రూపుల్లో అడగండి. ఎంతకాలంగా వాడుతున్నారో కూడా అడగండి. కొత్తగా కొన్నవాళ్ళ మెచ్చుకోళ్ళు నేను ఇక లెక్కలోకి తీసుకోను.

కొన్నాక వెంటనే, వాపసు గడువు లోపలే, ఒక పరీక్ష చెయ్యండి. వైఫై ఆన్‌లోనే ఉంచి, రౌటర్‌కి బయటినుంచి వచ్చే ఇంటర్నెట్ కేబుల్ మాత్రం తీసెయ్యండి. ఫోన్‌లో మొబైల్ డేటా కూడా ఆపండి. ఇప్పుడు యాప్ తెరిచి చూడండి. బొమ్మ వస్తే సరే. రాకపోతే మీరు కొన్నది సగమే, మిగతా సగం కంపెనీ దగ్గరుంది. నా సలహా, వాపసు ఇచ్చెయ్యండి. కెమెరా కాక వేరే వస్తువైనా ఇదే పరీక్ష. నెస్ట్ మొదటి రెండు తరాల థర్మోస్టాట్లకి (ఇంట్లో వేడి, చల్లదనం సరిచేసే పరికరాలు) 2025 అక్టోబరు 25తో యాప్ కంట్రోల్ ఆగింది గానీ, గోడ మీద చేత్తో తిప్పితే అవి ఇంకా పనిచేస్తాయి. కనీసం ఆ మాత్రం ఉండాలి.

పెట్టె మీద ఓన్‌విఫ్ (వేర్వేరు కంపెనీల కెమెరాలు, రికార్డర్లు కలిసి పనిచేయడానికి పెట్టుకున్న ప్రమాణం) లేదా ఆర్‌టీఎస్‌పీ అని ఉందా, మెమరీ కార్డులోకి దానంతటదే రికార్డ్ అవుతుందా అన్నది చూడండి. సెక్యూరిటీ అప్‌డేట్లు ఎప్పటిదాకా ఇస్తారో అడగండి. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి ఇది చెప్పితీరాలని చట్టమే ఉంది, కాబట్టి అక్కడ కూడా అమ్మే మోడలైతే ఆ తేదీ ఎక్కడో ఒకచోట రాసే ఉంటుంది. అకౌంట్ మీ సొంత మెయిల్, సొంత పాస్‌వర్డ్‌తోనే తెరవండి, వేరే కంపెనీ బటన్‌తో వద్దు. ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మొదటిరోజే మార్చండి. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ (హాని చేసే సాఫ్ట్‌వేర్) అలా మార్చకుండా వదిలేసిన కెమెరాలు, రౌటర్ల లాంటి పరికరాల్లోకే లక్షల్లో దూరింది.

ఇప్పటికే ఇలాంటి కెమెరా వాడుతున్నారా? అయితే ఈ రాత్రే మెయిల్‌లో ప్రకటనలు పడే చోట మీ కెమెరా కంపెనీ పేరు పెట్టి వెతకండి. యాప్ ఇంకా తెరుచుకుంటుండగానే లోకల్ వీడియో సెట్టింగ్ ఉంటే ఆన్ చేసుకోండి, పాత వీడియోల్లో కావాల్సినవి దింపుకోండి. మా నాన్న పుట్టినరోజు నాటి వీడియో నాకు దక్కలేదు.