డేటా కలెక్టర్ మూగబోయినా డ్యాష్‌బోర్డు పచ్చగానే ఉంటుంది

బ్యాకప్‌లు సరిగ్గా జరిగాయో లేదో చూపించే మా రిపోర్టింగ్ సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుందో, ఎలా ఇన్‌స్టాల్ చేయాలో అందరికీ తెలిసిందే, ఆ జోలికి పోను. మా దగ్గర బ్యాకప్ తీసే సాఫ్ట్‌వేర్లే మూడున్నాయి: నెట్‌బ్యాకప్, వీమ్, ఎప్పటినుంచో నడుస్తున్న టీఎస్ఎమ్. మూడింటి నుంచీ జాబ్ (ఒక్కో బ్యాకప్ పని) వివరాలను దీని డేటా కలెక్టర్ లాగి పంపితే, ఇది ఒకే పోర్టల్‌లో చూపిస్తుంది. పొద్దున్నే డ్యూటీకి రాగానే మొదట తెరిచేది దీన్నే. అయినా దీని మీద నాకున్న కోపం ఇంకా చల్లారలేదు. డేటా రావడం ఆగిపోతే ఆ ముక్క డ్యాష్‌బోర్డు చెప్పదు.

ఒక శుక్రవారం సాయంత్రం కలెక్టర్ తనంతట తానే కొత్త వెర్షన్‌కి అప్‌గ్రేడ్ అయింది. ఆ తర్వాత వరుస సెలవులు. తిరిగొచ్చి చూస్తే అంతా పచ్చగా ఉంది, ఫెయిల్యూర్లు సున్నా. అక్కడే అనుమానం వచ్చింది. నెట్‌బ్యాకప్‌లో ఏదో ఒక క్లయింట్ (బ్యాకప్ తీయాల్సిన మెషీన్) కనెక్ట్ కాక 58 అనే ఎర్రర్ కోడ్‌తో పడకుండా, ఏదో ఒక జాబ్‌కి కేటాయించిన సమయం (విండో) మూసుకుపోయి 196 ఇవ్వకుండా తెల్లవారిన రోజు నాకు గుర్తులేదు. ఒక సర్వర్ పేరు మీద నొక్కి లోపలికి వెళ్తే, చివరి జాబ్ తేదీ శుక్రవారం దగ్గరే ఆగి ఉంది.

కలెక్టర్ మెషీన్‌లో చూస్తే సర్వీసు 'రన్నింగ్' అనే ఉంది. లాగ్ తెరిస్తే మాత్రం పేజీల కొద్దీ ఒకటే మాట: పీకేఐఎక్స్ పాత్ బిల్డింగ్ ఫెయిల్డ్, అంటే అవతలి సర్టిఫికెట్‌ని నమ్మలేకపోయానని. జావాతో కుస్తీ పట్టినవాళ్లకి ఇంతకంటే చెప్పక్కర్లేదు. మా నెట్‌వర్క్‌లో 443 పోర్టు (ఎన్‌క్రిప్ట్ అయిన వెబ్ ట్రాఫిక్ వెళ్లే దారి) మీదుగా బయటికెళ్లే ట్రాఫిక్‌ని మధ్యలోని ప్రాక్సీ సర్వర్ విప్పి చూసి, సంస్థ సొంత సర్టిఫికెట్ తగిలించి పంపుతుంది. అందుకే మొదట్లోనే ఆ రూట్ సర్టిఫికెట్‌ని కీటూల్ అనే కమాండ్‌తో కలెక్టర్ జావా కీస్టోర్‌లోకి (నమ్మదగిన సర్టిఫికెట్లు దాచే ఫైలు) ఎక్కించాం. అప్‌గ్రేడ్ వచ్చి పాత జావా ఫోల్డర్‌ని లేపేసి, తనతో తెచ్చుకున్నది పెట్టింది. కీస్టోర్ ఉండేది అందులోనే కాబట్టి మా సర్టిఫికెట్ దాంతోపాటే పోయింది. డేటా సేకరణ మామూలుగానే సాగింది, పోర్టల్‌కి పంపడమే కుదరలేదు. పంపలేని ఫైళ్లను బఫర్ ఫోల్డర్‌లో పేర్చుకుంటూ, అది నిండాక పాతవాటిని చెరిపేస్తూ పోయింది.

సర్టిఫికెట్ మళ్లీ ఎక్కించడం ఎంతసేపు? నష్టం జరిగింది వేరేచోట. నెట్‌బ్యాకప్ మాస్టర్ సర్వర్ జాబ్ వివరాలను, మనం మార్చకపోతే, 78 గంటలు మాత్రమే ఉంచుకుంటుంది. సెలవుల్లో మొదటి రాత్రుల జాబ్‌లు అక్కడా లేవు, బఫర్‌లోనూ లేవు. నెట్‌బ్యాకప్ క్యాటలాగ్ (తీసిన బ్యాకప్‌ల చిట్టా) ఉంది కదా అనొచ్చు. పూర్తయిన బ్యాకప్‌ల వివరాలు అందులో దొరుకుతాయి, నిజమే. కానీ ఆడిటర్ అడిగేది పడిపోయినవాటి గురించి: ఏది పడింది, ఎందుకు పడింది, మళ్లీ ఎప్పుడు నడిపారు. చివరికి బీపీఎర్రర్ కమాండ్‌తో ఎర్రర్ లాగ్‌లు తవ్వి, ఒక్కో క్లయింట్ స్టేటస్ ఎక్సెల్‌లోకి చేత్తో ఎక్కించాం. ఆ ఎక్సెల్ గోల వదిలించుకోవడానికే కదా ఈ సాఫ్ట్‌వేర్ కొన్నది!

సపోర్ట్‌వాళ్లకి టికెట్ పెడితే 'డిజైన్ ప్రకారమే పనిచేస్తోంది' అన్నారు. డ్యాష్‌బోర్డు తన దగ్గరున్న చివరి డేటాను చూపిస్తుందట. కలెక్టర్ స్థితికి వేరే పేజీ ఉందట. ఉంది, అడ్మిన్ మెనూలో ఎవరూ దిగని అడుగున.

ఇదే సాఫ్ట్‌వేర్‌ని మా టీమ్‌లో తెగ పొగిడింది కూడా నేనే. కొన్ని రాత్రులుగా బ్యాకప్ అందని సర్వర్ల జాబితా ఇచ్చే రిపోర్టు ఒకటి ఉంది. జాబ్ ఫెయిలైతే కనీసం రికార్డు ఉంటుంది. ఏవేవి బ్యాకప్ తీయాలో చెప్పే పాలసీలోంచి ఎవరైనా క్లయింట్‌ని తీసేస్తే అసలు జాబే పుట్టదు, ఎర్రరంగు కనపడే ప్రశ్నే లేదు. షెడ్యూల్ తప్పితే 'మిస్డ్' అని టీఎస్ఎమ్ చెబుతుంది గానీ, షెడ్యూల్‌లోంచే పేరు తీసేస్తే అదీ నోరెత్తదు. అలాంటి అనాథ సర్వర్లను ఈ రిపోర్టు బయటికి లాగింది. ఆ పొగడ్త వెనక్కి తీసుకోను గానీ, స్టేటస్ 1ని కూడా అది విజయంగానే లెక్కేస్తుందని తర్వాత తెలిసింది. 1 అంటే పాక్షికం, కొన్ని ఫైళ్లు చదవలేక వదిలేసిందని. మా ఫైల్ సర్వర్ ఒకటి రాత్రీ రాత్రీ అదే ఫోల్డర్‌ని వదిలేస్తూ, పొద్దున్నే పచ్చగా కనిపించేది. సెట్టింగ్ మార్చాక సరిపోయింది.

ఇప్పుడు ఆటో అప్‌గ్రేడ్ ఆపేశాం. నెట్‌బ్యాకప్‌లో జాబ్ వివరాలు 336 గంటలు ఉండేలా పెట్టాం, జాబ్‌ల జాబితా తెరుచుకోవడం కాస్త నెమ్మదించినా భరిస్తున్నాం. పోర్టల్‌లో చివరి జాబ్ ఎప్పటిదో బయటినుంచి చూసి, 6 గంటలు దాటితే మెయిల్ కొట్టే చిన్న స్క్రిప్టు రాసుకున్నాం. మానిటరింగ్ సాఫ్ట్‌వేర్‌కి మళ్లీ మానిటరింగ్, ఖర్మ.

రెన్యూవల్ వస్తే చేయమనే చెబుతాను, ఎందుకంటే మూడు రకాల బ్యాకప్‌లున్న మాకు వేరే దారి లేదు. మీకు ఒక్క వీమ్ మాత్రమే ఉంటే దాని సొంత కన్సోల్ చాలనిపిస్తుంది. దారిలో ట్రాఫిక్ విప్పే ప్రాక్సీ లేకపోతే నా కోపంలో సగం మీకు అర్థం కాకపోవచ్చు కూడా. కొనేముందు డెమోలో ఒకటి అడగండి. సర్వీసు ఆపితే ఎలాగూ పట్టుకుంటుంది, అది కాదు. సర్వీసు నడుస్తుండగానే బయటికెళ్లే 443ని మూసేసి, మర్నాడు పొద్దున డ్యాష్‌బోర్డు ఏ రంగులో ఉందో చూపించమనండి.