షెడ్డు స్పీకర్లకు ఎండీఎఫ్ఫా, ప్లైవుడ్డా?

గాజువాకలో మా ఇంటి వెనక షెడ్డులో పని చేసుకుంటూ పాటలు వినడానికి రెండు జతల స్పీకర్లు చేశాను. రెండింట్లోనూ అవే నాలుగంగుళాల ఫుల్ రేంజ్ డ్రైవర్లు, అంటే బేస్ నుంచి సన్నటి శబ్దం దాకా ఒక్కటే పలికించే యూనిట్లు. తేడా అంతా చెక్కలోనే.

ఎండీఎఫ్, అంటే చెక్క పీచుని జిగురుతో నొక్కి చేసే పలక, చవక. షీటంతా ఒకేలా ఉంటుంది, రౌటర్ (చెక్కలో గుంతలు కోసే మిషను) పెడితే డ్రైవర్ గుంత వెన్నలా తెగుతుంది. డబ్బాని వేలితో కొడితే 'దబ్' అని ఊరుకుంటుంది. కానీ మనది సముద్రపు గాలి. మొదటి జతకి అడుగు అంచులకు రంగు వేయడానికి బద్ధకించాను. ఒక్క వానాకాలానికే అంచు పూరీలా ఉబ్బి, స్క్రూలు పట్టు వదిలేశాయి. కోసేటప్పుడు లేచే పిండిలాంటి దుమ్ము ఇంకో బెడద, మాస్కు లేకుండా కుదరదు.

ప్లైవుడ్ ఖరీదెక్కువ, ఐఎస్ 710 (తడిని తట్టుకునే ప్లైవుడ్‌కి మన దేశపు ప్రమాణం) ముద్ర ఉన్న మెరైన్ రకమైతే మరీను. పొరల మధ్య ఖాళీలుంటే బేస్‌కి బుర్రుమంటుంది కూడా, అందుకే కొనేటప్పుడు అంచులు చూసుకోవాలి. అయితే తేలిక, స్క్రూ గట్టిగా పడుతుంది, తడికి అంత తొందరగా లొంగదు. అంత చిన్న డబ్బాకి 12 మిల్లీమీటర్లది తెచ్చి, లోపల అడ్డంగా ఒక బద్ద అంటిస్తే చాలు.

ఏసీ గదిలోకైతే ఎండీఎఫ్ఫే అంటాను. షెడ్డుకి మాత్రం ప్లైవుడ్డే. ఆ ఉబ్బిన జతలో ఇప్పుడు మేకులు పోసుకుంటున్నాను.