విండోస్‌లో యూనిక్స్ షెల్స్: పాత్ సంగతి ఏది బాగా చూసుకుంటుంది?

సిగ్విన్, గిట్ బ్యాష్, డబ్ల్యూఎస్ఎల్ (విండోస్ లోపలే లినక్స్ నడిపే ఏర్పాటు). విండోస్ మీద యూనిక్స్ షెల్ (లినక్స్ కుటుంబంలో కమాండ్లు కొట్టి పని చేయించుకునే ప్రోగ్రామ్) కావాలంటే ఎక్కువమంది పట్టుకునేవి ఈ మూడే. మూడింటినీ ఏళ్ల తరబడి వాడాను, రెండింటిని ఇప్పటికీ వాడుతున్నాను. ఉండేది అనంతపురంలో, పని బెంగళూరు కంపెనీకి, అదీ ఇంటి నుంచే. వాళ్లిచ్చిన ల్యాప్‌టాప్‌లో విండోస్, మా కోడ్ నడిచే సర్వర్లలో లినక్స్. మధ్యలో ఒక షెల్ లేకపోతే పని జరగదు. వీటి మీద సమీక్షలు రాసేవాళ్లు స్పీడ్ గురించి రాస్తారు, ఇన్‌స్టాల్ చేయడం గురించి రాస్తారు. నా టైమ్ ఎక్కువగా తినేసింది మాత్రం పాత్, దానితోపాటు వచ్చే మిగతా ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ (ప్రోగ్రాములు చదువుకునే పేరు-విలువ సెట్టింగులు). అందుకే ఈ సమీక్షలో ఆ ఒక్కటే చూస్తున్నాను.

కమాండ్ పేరు కొట్టగానే దాన్ని ఏయే ఫోల్డర్లలో, ఏ వరుసలో వెతకాలో చెప్పే జాబితాయే పాత్. యూనిక్స్‌లో ఫోల్డర్‌కీ ఫోల్డర్‌కీ మధ్య కోలన్ (:) పెడతారు. విండోస్‌లో డ్రైవ్ పేరులోనే కోలన్ ఉంది కాబట్టి అక్కడ సెమీకోలన్ (;) వాడాల్సి వచ్చింది. గీత కూడా ఒకచోట ఇటు వాలుతుంది (/), ఇంకోచోట అటు (\). చూడ్డానికి చిన్న తేడాలే. కానీ ఫైళ్లని ఒక మూటగా కట్టే గ్నూ టార్ కమాండ్‌కి సీ:\ తో మొదలయ్యే ఫైల్ పేరు ఇచ్చి చూడండి. కోలన్ ముందున్నది వేరే కంప్యూటర్ పేరనుకుని, 'సీ' అనే మెషిన్‌కి కనెక్ట్ కాబోయి ఎర్రర్ ఇస్తుంది. ఫోర్స్-లోకల్ అనే ఆప్షన్ ఇస్తే తప్ప అది మన డిస్కే అని ఒప్పుకోదు.

మొదట సిగ్విన్. 1995లో సిగ్నస్ కంపెనీలో పుట్టింది, మూడింట్లో వయసులో పెద్దది ఇదే. సీ డ్రైవ్ ఇందులో /సిగ్‌డ్రైవ్/సీ అని కనిపిస్తుంది. విండోస్ నుంచి వచ్చిన పాత్‌ని మొదలయ్యేటప్పుడే యూనిక్స్ పద్ధతిలోకి మార్చుకుంటుంది, విండోస్ ప్రోగ్రామ్‌ని పిలిచేటప్పుడు మళ్లీ విండోస్ పద్ధతిలోకి మార్చి ఇస్తుంది. అయితే ఈ మర్యాద పాత్, హోమ్, టెంప్ లాంటి కొన్ని వేరియబుల్స్‌కే. మనం సొంతంగా పెట్టుకున్న వాటిని ముట్టుకోదు. జావా తన ఫైళ్లు వెతుక్కునే జాబితా అయిన క్లాస్‌పాత్‌తో దీన్ని బాగా అనుభవించాను. షెల్‌లో కోలన్లతో రాసుకుంటాం, విండోస్ జావాకి సెమీకోలన్లు కావాలి. అక్కడ ఆదుకునేది సిగ్‌పాత్ అనే చిన్న కమాండ్. 'పి' ఆప్షన్ ఇస్తే మొత్తం జాబితాని ఒకే దెబ్బలో మారుస్తుంది, 'డబ్ల్యూ' ఇస్తే విండోస్ రూపం, 'యూ' ఇస్తే యూనిక్స్ రూపం. 'ఎమ్' ఇస్తే డ్రైవ్ అక్షరం ఉంటూనే గీతలు యూనిక్స్‌వి వస్తాయి, చాలా విండోస్ ప్రోగ్రాములు దానికీ ఒప్పుకుంటాయి. ఈ పనికి ఇంత మంచి కమాండ్ మిగతా రెండింట్లో విడిగా తయారవలేదు. గిట్ బ్యాష్‌లో ఉన్నది కూడా సిగ్విన్ నుంచి వచ్చిన ఈ సిగ్‌పాతే. సిగ్విన్ మీద నాకున్న ఫిర్యాదు వేరే: ప్యాకేజీ కావాలన్న ప్రతిసారీ ఆ సెటప్ ప్రోగ్రామ్‌ని మళ్లీ తెరవాలి. ఆ విసుగుతోనే దాన్ని పక్కన పెట్టాను.

గిట్ బ్యాష్ దాదాపు అందరి మెషిన్లలోనూ ఉంటుంది, కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్‌తోపాటే వస్తుంది కాబట్టి. ఇది సిగ్విన్ నుంచే పుట్టిన ఎమ్‌సిస్2 మీద కట్టింది. విండోస్ పాత్ మొత్తాన్ని తీసుకుని, దానికి ముందు తన ఫోల్డర్లు పెట్టుకుంటుంది. ఈ వరుస ముఖ్యం. విండోస్ సిస్టమ్32 ఫోల్డర్లో ఫైండ్, సార్ట్ అనే పేర్లతోనే వేరే ప్రోగ్రాములున్నాయి. వరుస తారుమారైతే మీ స్క్రిప్ట్‌లోని ఫైండ్ ఫైళ్లు వెతకడం మాని, ఫైళ్లలో మాటలు వెతికే విండోస్ ఫైండ్ అయిపోతుంది.

గిట్ బ్యాష్‌తో అసలు గొడవ పాత్‌లో లేదు, దాని ఊహాశక్తిలో ఉంది. విండోస్ ప్రోగ్రామ్‌కి ఇచ్చే ఏ మాటైనా / తో మొదలైతే, ఇది పాత్ అయ్యుంటుందని తనే అనుకుని మార్చేస్తుంది. చాలాసార్లు అది మనకు కావాల్సిందే. కానీ ప్రోగ్రాముల్ని కంటైనర్లనే విడి పెట్టెల్లో నడిపే డాకర్‌కి వర్కింగ్ ఫోల్డర్ /యాప్ అని ఇస్తే, కంటైనర్‌కి చేరేసరికి అది సీ:/ప్రోగ్రామ్ ఫైల్స్/గిట్/యాప్ అయి ఉంటుంది. వెబ్‌సైట్లకి భద్రతా సర్టిఫికెట్లు తయారుచేసే ఓపెన్ఎస్‌ఎస్‌ఎల్‌తో టెస్ట్ సర్టిఫికెట్ చేసేటప్పుడు ఇంకా తమాషా. దేశం, రాష్ట్రం, ఊరు వరుసగా /సీ=ఐఎన్/ఎస్‌టీ=ఆంధ్రప్రదేశ్/ఎల్=అనంతపురం అని ఇస్తాం. మన ఊరి పేరుకి కూడా ప్రోగ్రామ్ ఫైల్స్ తగిలించి పంపుతుంది. ఓపెన్ఎస్‌ఎస్‌ఎల్ దాన్ని చూసి పేరు ఫార్మాట్ సరిగ్గా లేదంటుంది. ఆ ఎర్రర్‌లో ఎక్కడా గిట్ బ్యాష్ మాట రాదు కాబట్టి, తెలియనివాళ్లు గంటలకొద్దీ సర్టిఫికెట్ పాఠాలు చదువుకుంటూ కూర్చుంటారు.

మందు ఉంది. మొదటి గీతని రెండుసార్లు కొడితే (//) మార్చకుండా వదిలేస్తుంది. లేదంటే ఆ ఒక్క కమాండ్ ముందు ఎమ్‌సిస్_నో_పాత్‌కన్వ్ అనే వేరియబుల్‌కి 1 ఇవ్వాలి. ఇది గిట్ బ్యాష్‌ది. విడిగా ఎమ్‌సిస్2 వాడేవాళ్లకి ఎమ్‌సిస్2_ఏఆర్‌జీ_కన్వ్_ఎక్స్‌క్ల్ ఉంది, దానికి ఏ మాటల్ని ముట్టుకోకూడదో చెప్పాలి, నక్షత్రం గుర్తు (*) ఇస్తే దేన్నీ ముట్టుకోదు. దీన్ని బ్యాష్ సెట్టింగుల్లో శాశ్వతంగా పెట్టేయమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. అలా పెడితే నిజంగా మార్చాల్సిన పాత్‌లు కూడా మారవు, ఇంకోచోట తిప్పలు మొదలవుతాయి. కమాండ్ కమాండ్‌కీ ఇవ్వడమే మేలు.

ఇక డబ్ల్యూఎస్ఎల్. 2016లో మైక్రోసాఫ్ట్ మొదలుపెట్టింది, 2019లో ప్రకటించిన రెండో వెర్షన్‌లో నిజమైన లినక్స్ కెర్నెలే (సిస్టమ్ గుండెకాయ) నడుస్తుంది. సీ డ్రైవ్ ఇక్కడ /ఎమ్‌ఎన్‌టీ/సీ. మామూలుగా విండోస్ పాత్ మొత్తం లినక్స్ పాత్ చివర్న వచ్చి చేరుతుంది. నోట్‌ప్యాడ్.ఈఎక్స్‌ఈ అని లినక్స్‌లో కొడితే విండోస్ నోట్‌ప్యాడ్ తెరుచుకుంటుంది. మొదటిసారి చూసినవాళ్లకి భలే ముచ్చటేస్తుంది. ఆ ముచ్చటకి రెండు ఖర్చులున్నాయి.

ఒకటి, నిదానం. రెండో వెర్షన్‌లో /ఎమ్‌ఎన్‌టీ/సీ కింద ఫైళ్లు చూడాలంటే లినక్స్ నుంచి విండోస్‌కి వెళ్లి అడిగి రావాలి. సగం పేరు కొట్టి ట్యాబ్ నొక్కినా, లేని కమాండ్ కొట్టినా, పాత్‌లోని విండోస్ ఫోల్డర్లన్నీ తిరిగి వచ్చేదాకా షెల్ అలా నిలబడిపోతుంది.

రెండోది దీనికన్నా ఇబ్బంది. ప్రాజెక్టుల సీజన్‌లో ఇక్కడి జేఎన్‌టీయూ పిల్లలు ఫోన్ చేసి చెప్పేది దాదాపు ఇదే: "నోడ్ ఏసినాను గదన్నా, ల్యాదంటాండాది!" నోడ్ అంటే జావాస్క్రిప్ట్ కోడ్ నడిపే ప్రోగ్రామ్, ఎన్‌పీఎమ్ దానికి ప్యాకేజీలు తెచ్చే కమాండ్. వాళ్లు నోడ్ వేసింది విండోస్‌లో. లినక్స్‌లో ఎన్‌పీఎమ్ అని కొడితే, అక్కడ అది లేకపోయినా విండోస్ ఫోల్డర్లో ఎక్స్‌టెన్షన్ లేని ఎన్‌పీఎమ్ అనే షెల్ స్క్రిప్ట్ దొరుకుతుంది, నడవడం మొదలుపెడుతుంది. అది చాలాసార్లు 'నోడ్' అనే పేరుతోనే పిలుస్తుంది. విండోస్‌లో ఉన్నది నోడ్.ఈఎక్స్‌ఈ. లినక్స్‌కి నోడ్ వేరు, నోడ్.ఈఎక్స్‌ఈ వేరు. అందుకే సగం దూరం పోయి నోడ్ లేదంటుంది. అసలు ఎన్‌పీఎమ్మే దొరకలేదని మొదట్లోనే చెప్పి ఉంటే ఆ పిల్లలు లినక్స్‌లో వేసుకునేవాళ్లు. టైప్ కమాండ్‌కి 'ఏ' ఆప్షన్, ఆ పక్కన కమాండ్ పేరు ఇస్తే, ఆ పేరుతో ఎక్కడెక్కడ ఏమున్నాయో వరుసగా చూపిస్తుంది. ఫోన్‌లో నేను మొదట కొట్టించేది అదే.

అందుకని నా మెషిన్లో /ఈటీసీ కింద డబ్ల్యూఎస్ఎల్.కాన్ఫ్ ఫైల్లో, ఇంటరాప్ విభాగం కింద అపెండ్‌విండోస్‌పాత్‌ని ఫాల్స్ చేసి పెట్టాను. తర్వాత డబ్ల్యూఎస్ఎల్‌ని షట్‌డౌన్ ఆప్షన్‌తో పూర్తిగా ఆపి తెరవాలి, కిటికీ మూసి తెరిస్తే చాలదు. దీనితో విండోస్ ఎక్స్‌ప్లోరర్ తెరవడం, విజువల్ స్టూడియో కోడ్‌ని 'కోడ్' అని పిలవడం కూడా పోతాయి. నాకు కావాల్సిన ఆ రెండు మూడు ఫోల్డర్లని మాత్రం షెల్ మొదలయ్యేటప్పుడు చదివే బ్యాష్ఆర్‌సీ ఫైల్లో చేత్తో కలుపుకున్నాను. ప్రోగ్రామ్ ఫైల్స్ పేరులో ఖాళీ ఉంటుంది కాబట్టి కోట్స్ మర్చిపోకూడదు. ఆ ఖాళీ పెట్టిన మహానుభావుడెవరో గానీ, షెల్ రాసేవాళ్లందరి ఉసురూ తగిలి ఉంటుంది.

పాత్ కాని మిగతా వేరియబుల్స్ మాటేంటి? డబ్ల్యూఎస్ఎల్ వాటిని అసలు దాటనివ్వదు. దాటించాలంటే డబ్ల్యూఎస్ఎల్ఈఎన్‌వీ అనే వేరియబుల్లో పేరు రాయాలి. పేరు పక్కన /పి అంటే అది పాత్, మార్చి పంపు అని. /ఎల్ అంటే పాత్‌ల జాబితా, సెమీకోలన్లని కోలన్లు చేసి మరీ పంపు అని. /యూ అంటే విండోస్ నుంచి లినక్స్‌కి మాత్రమే, /డబ్ల్యూ అంటే ఇటు నుంచి అటు మాత్రమే. మూడింట్లో నాకు బాగా నచ్చిన పద్ధతి ఇది. సిగ్విన్ తనకు తెలిసినవి మార్చి మిగతావి మనకు వదిలేస్తుంది, గిట్ బ్యాష్ ఊహిస్తుంది, ఇది మనల్ని అడుగుతుంది. ఒకసారి పేర్లు రాసుకున్నాక డేటా ఫోల్డర్ వేరియబుల్ ఎటు నుంచి ఎటు వెళ్లినా సరైన రూపంలోనే చేరింది. డి డ్రైవ్‌లో తెలుగు పేరుతో ఉన్న ఫోల్డర్ కూడా చక్కగా దాటింది, టెర్మినల్లో వత్తులు మాత్రం విడివిడిగా ఊగుతూ కనిపిస్తాయి.

అలాగని జావా ఉన్న ఫోల్డర్ చెప్పే జావా హోమ్‌ని /పి పెట్టి దాటించి మురిసిపోకండి. చిరునామా సరిగ్గానే మారుతుంది, కానీ అక్కడున్నది విండోస్ జావా, లినక్స్‌కి పనికిరాదు. ఇంకో లోటు: డబ్ల్యూఎస్ఎల్‌పాత్ అనే కమాండ్ ఉంది గానీ సిగ్‌పాత్‌లో ఉన్న 'పి' ఆప్షన్ దానికి లేదు, జాబితా ఇస్తే మార్చలేదు. అడ్మిన్ హక్కులతో కమాండ్ నడిపే సుడో వాడితే, ఉబుంటు అనే లినక్స్‌లో సెక్యూర్‌పాత్ అనే దాని సొంత జాబితా అమల్లోకి వచ్చి మనం కలుపుకున్న ఫోల్డర్లన్నీ మాయమవుతాయి. వేళ ప్రకారం పనులు నడిపే క్రాన్‌లో ఎలాగూ పాత్ దాదాపు ఖాళీయే. ఈ రెండూ లినక్స్ అలవాట్లే, డబ్ల్యూఎస్ఎల్‌ని అనలేం.

షెల్ ఏదైనా, విండోస్ వైపు పాత్ పాడైతే మూడూ పాడవుతాయి. దాన్ని పాడుచేసే కమాండ్ సెట్ఎక్స్. ఎక్కడో చూసి పాత్ చివర కొత్త ఫోల్డర్ కలిపి సెట్ఎక్స్ కొడతారు. అది 1024 అక్షరాల దగ్గర కోసేస్తుంది, మిగతాది పోతుంది. పైగా సిస్టమ్ పాత్, యూజర్ పాత్ రెండూ కలిసి యూజర్ పాత్‌లోకి వచ్చి కూర్చుంటాయి. సెట్టింగుల్లో ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ కిటికీ తెరిచి, ఒక్కో లైన్‌గా కలుపుకోవడమే క్షేమం. కలిపాక పాత షెల్ కిటికీలకు ఆ మార్పు తెలియదు, కొత్తవి తెరవాలి.

ఎనిమిది జీబీ ర్యామ్ ఉన్న పిల్లలకి నేను గిట్ బ్యాషే చెబుతున్నాను. డబ్ల్యూఎస్ఎల్ రెండో వెర్షన్ మామూలుగా సగం ర్యామ్ దాకా వాడుకోగలదు, పక్కన బ్రౌజర్ తెరిస్తే ల్యాప్‌టాప్ ఆయాసపడుతుంది. నా పని మొత్తం డబ్ల్యూఎస్ఎల్‌లోనే. మా మామకి డ్రిప్ పైపుల షాపు ఉంది, అక్కడి పాత కంప్యూటర్లో బిల్లుల ఫైళ్లు నెలవారీగా సర్దే స్క్రిప్ట్ ఒకటి గిట్ బ్యాష్‌లో నడుస్తోంది. అందులో పాత్‌ని అసలు నమ్ముకోలేదు, ప్రతి ప్రోగ్రామ్‌కీ పూర్తి చిరునామా రాసి పెట్టాను. ఆ కంప్యూటర్లో ఎవరెవరు ఏమేం ఇన్‌స్టాల్ చేస్తారో మామకే తెలియదు మరి.