చెన్నై ఉక్కలో కూలింగ్ టవల్ పనిచేస్తుందా?

నీళ్లలో తడిపి మెడకు చుట్టుకునే కూలింగ్ టవల్ కొనాలా వద్దా అని మా గోల్ఫ్ గ్రూపులో వేసవి వచ్చిందంటే ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు, అందుకే ఒకసారి వివరంగా రాసేస్తున్నా. నేను వాడుతున్నది పీవీఏ రకం (స్పాంజిలా నీళ్లు పీల్చే ప్లాస్టిక్ గుడ్డ), ప్లాస్టిక్ డబ్బాలో వస్తుంది, ఆన్‌లైన్‌లో నాలుగొందల లోపే. ఉండేది చెన్నైలో, ఆడేది ఎక్కువగా నందనం కాస్మో గోల్ఫ్ కోర్సులో. ముందే చెప్పేస్తా, హైదరాబాద్ వాళ్లయితే కళ్లు మూసుకుని కొనుక్కోండి, చెన్నై వాళ్లయితే ఆ డబ్బుకి ఇంకొంచెం కలిపి మంచి గొడుగు కొనండి.

తప్పు టవల్‌ది కాదు, ఇక్కడి గాలిది. ఇందులో మందూ మాయా ఏమీ లేవు, తడి ఆరుతూ గుడ్డలోని వేడిని పట్టుకుపోతుంది, మట్టికుండలో నీళ్లు చల్లబడేది కూడా ఇలాగే. అయితే గాలి పొడిగా ఉంటేనే తడి ఆరుతుంది. 40 డిగ్రీల ఎండలో గాలిలో తేమ 20 శాతమే ఉంటే తడిగుడ్డ దాదాపు 22 డిగ్రీల దాకా దిగగలదు. మన దగ్గర 35 డిగ్రీలే ఉన్నా తేమ 60 శాతం ఉందంటే అదే గుడ్డ 28 కిందకి రావడం కష్టం, ఏ కంపెనీది కొన్నా సరే. పైగా మనం ఎండ తప్పించుకుందామని ఆరింటికే మొదలుపెడతాం, తేమ బాగా ఎక్కువగా ఉండేది ఆ తెల్లవారుజామునే! అంటే మనం ఆడే వేళకి ఇది మెడ మీద తడిగుడ్డ, అంతే. సముద్రపు గాలి రాకుండా పడమటి వడగాలి కొట్టే రోజున మాత్రం పది, పదకొండు దాటాక చక్కగా పనిచేస్తుంది. కానీ అలాంటి రోజున ఆ వేళకి కోర్సులో ఉండకూడదు. 2003 మేలో నుంగంబాక్కంలో 45 డిగ్రీలు చూసిన ఊరు ఇది.

హైదరాబాద్‌లో మా బావగారితో మే నెలలో ఆడినప్పుడు చూడాలి దీని ప్రతాపం. నీళ్లలో ముంచి పిండి రెండుసార్లు విదిలించి మెడకి వేసుకుంటే జిల్లుమంది. "ఏంటయ్యా, ఏసీ కట్టుకుని తిరుగుతున్నావ్" అంటూ ఆయన లాక్కుని చివరి హోల్ (బంతి వేయాల్సిన ఆఖరి గుంత) దాకా తిరిగివ్వలేదు.

ఎక్కడ వాడినా గుర్తుపెట్టుకోవాల్సిందొకటుంది. మెడ చల్లబడితే ప్రాణం హాయిగా ఉంటుంది గానీ ఒంటి లోపలి వేడి పెద్దగా తగ్గదు. బాగానే ఉన్నాం కదా అని ఇంకో నాలుగు హోల్స్ ఆడేస్తాం, ప్రమాదమంతా అక్కడే. తల తిరుగుతున్నా, కడుపులో తిప్పుతున్నా, పిక్కలు పట్టేస్తున్నా ఆట ఆపి నీడకి వెళ్లిపోవాలి. మనిషి మాట తడబడుతున్నా, ఎక్కడున్నాడో తెలియనట్టు చూస్తున్నా అది వడదెబ్బ. వెంటనే 108కి ఫోన్ చేసి, అంబులెన్స్ వచ్చేలోపు ఒళ్లంతా చల్లటి నీళ్లు పోస్తూ విసురుతూ ఉండాలి. అప్పుడు మెడకి ఈ టవల్ కట్టి కూర్చోబెడితే సరిపోదు.

మరి చెన్నైలో ఏం చేయాలంటే, ఇంట్లో ఉన్న మామూలు తుండుగుడ్డ చాలు. చిన్న ఐస్ బాక్సులో ఐసు ముక్కలు, కొంచెం నీళ్లు పోసి రెండు తుండుగుడ్డలు పడేసి గోల్ఫ్ బ్యాగు లాక్కెళ్లే బండికి తగిలించుకోండి. ఐసు కరుగుతూ వేడిని లాగేస్తుంది కాబట్టి గాలిలో తేమ ఎంతున్నా దానికి లెక్కలేదు. మూడు నాలుగు హోల్స్‌కి ఒకసారి మార్చుకుంటే చాలు. దాంతోపాటు ఉప్పేసిన పల్చటి మజ్జిగ ఒక సీసా, లీటరు నీళ్లలో కలిపిన ఓఆర్ఎస్ ఇంకో సీసా. మధ్యలో బీరు కొట్టే అలవాటున్నవాళ్లు దాన్ని ఆటయ్యేదాకా వాయిదా వేసుకుంటే మంచిది.

గొడుగు మాట ఎత్తాను కాబట్టి చెప్తున్నా, రెండు పొరల పెద్ద గొడుగు తీసుకోండి, గాలికి తిరగబడదు. కాకపోతే మీరు బంతి కొట్టే క్షణంలో క్యాడీ (మీ బ్యాగు మోసే అతను) మీ నెత్తిన గొడుగు పట్టి నిలబడకూడదు, స్ట్రోక్ ప్లేలో, అంటే మొత్తం ఎన్ని దెబ్బలు కొట్టారో లెక్కేసే ఆటలో, రెండు స్ట్రోకుల పెనాల్టీ పడుతుంది. మీ గొడుగు మీరే ఒక చేత్తో పట్టుకుని పుట్ చేస్తే (బంతిని మెల్లగా గుంతలోకి దొర్లిస్తే) మాత్రం నిబంధనలకి అభ్యంతరం లేదు, చూడ్డానికి నవ్వొస్తుందనుకోండి!

ఇక టవల్ నాణ్యత సంగతి. ఆరిపోతే అప్పడంలా బిర్రబిగుసుకుపోతుంది, మళ్లీ తడిపితే గానీ మెత్తబడదు. తడిగానే డబ్బాలో పెట్టి కారులో వదిలేస్తే రెండ్రోజుల్లో బూజు వాసన, ఎంత సబ్బు పెట్టినా ఓ పట్టాన పోదు. సన్‌స్క్రీన్ రాసుకున్న మెడకి చుడితే ఆ క్రీమంతా దీనికే అంటుకుంటుంది, కాబట్టి రెండు గంటలకోసారి మళ్లీ రాసుకునేటప్పుడు మెడ వెనక మర్చిపోవద్దు. రాసుకున్నాక చేతులు తుడుచుకోండి, లేకపోతే గ్రిప్ జారుతుంది.

ఇంత చదివాక కూడా కొనాలనిపిస్తే పీవీఏ వద్దు, జాలీ అల్లిక ఉన్న మైక్రోఫైబర్ రకం చూడండి, ఆరినా మెత్తగానే ఉంటుంది, వాషింగ్ మెషిన్‌లో వేసేయొచ్చు. క్లబ్బులు (బంతి కొట్టే కర్రలు) తుడిచే టవల్ రంగులో మాత్రం తీసుకోకండి, క్యాడీ దాంతోనే మట్టి తుడిచేస్తాడు.