పెరటి చేపల తొట్టికి డ్రమ్ము ఫిల్టరు: కొన్ని వేసవులు వాడాక

చేపల తొట్టికి ఏ ఫిల్టరు కొనాలని ఎవరైనా అడిగితే నేను చెప్పే మొదటి మాట ఒకటే. అడుగున డ్రెయిన్ వాల్వు లేని ఫిల్టరు ఎంత ఖరీదైనదైనా కొనకండి. పంపు ఎన్ని వాట్లు, యూవీ లైటు అవసరమా, ఏ మీడియా (మేలు చేసే బ్యాక్టీరియా పట్టడానికి ఫిల్టరులో వేసే సరుకు) మంచిది అన్నవన్నీ ఆ తర్వాతే.

మా తొట్టి భీమవరంలో, ఇంటి వెనక పెరట్లో ఉంది. పొడవు పది అడుగులు, వెడల్పు ఆరు, లోతు మూడు. నిండా పోస్తే అయిదు వేల లీటర్లు పడుతుంది. కోయి చేపలు (రంగురంగుల కార్పు రకం) నాలుగైదు మించనివ్వను. మిగతావి గోల్డ్‌ఫిష్, దోమల కోసం కాసిని గంబూసియాలు. ఊరి చుట్టూ ఎటు చూసినా చేపల చెరువులూ రొయ్యల చెరువులే, ఇంట్లో ఇంకోటెందుకని మా చుట్టాలు నవ్వుతారు. అయితే ఆ చెరువుల పుణ్యమా అని నాకు ఒక సుఖం ఉంది. అమ్మోనియా టెస్ట్ కిట్టు, క్లోరిన్ విరగడానికి సోడియం థయోసల్ఫేటు, అమ్మోనియాను పీల్చే జియోలైటు అనే ఖనిజం, అన్నీ ఆక్వా షాపుకు వెళ్తే చేతికొస్తాయి.

మొదట్లో వాడింది రెడీమేడ్ ప్రెషర్ ఫిల్టరు. కంపెనీ పేరు వద్దు గానీ, బిందెలా గుండ్రంగా ఉండి, పైన ఒక తిప్పుడు హ్యాండిలు, లోపలే యూవీ లైటు ఉండే రకం. హ్యాండిలు తిప్పితే మురికంతా బయటికి పోతుందని డబ్బా మీద రాశారు. చలికాలంలో నిజంగానే బాగా పనిచేసింది. ఎండలు ముదిరి, చేపలకు మేత పెరిగేసరికి అసలు రంగు బయటపడింది. హ్యాండిలు తిప్పితే కాసేపు గోధుమ రంగు నీళ్ళు వచ్చి తేటబడతాయి, కానీ స్పాంజి మధ్యలో ఇరుక్కున్న మడ్డి అలాగే ఉంటుంది. వారం తిరక్కుండానే నీళ్ళ ధార సన్నగిల్లేది. క్లాంపు విప్పి, స్పాంజిలు పిండి, మళ్ళీ బిగించడమంటే ఒక ఆదివారం పొద్దంతా గడిచిపోయేది. ఆపైన రబ్బరు రింగు సాగిపోయి కారడం మొదలైంది. అమ్మినవాళ్ళను అడిగితే రింగు విడిగా దొరకదు, మూతతో సహా కొనాలన్నారు. ఆ మాటతో దానికి దండం పెట్టేశాను.

ఇప్పుడున్నది రెండు వందల లీటర్ల నీలం ప్లాస్టిక్ డ్రమ్ము. సెకండ్ హ్యాండ్‌ది. కొనేటప్పుడు అందులో అంతకుముందు ఏం పోశారో కనుక్కోవాలి, వాసన చూడాలి. రసాయనాల డ్రమ్ము ఎంత చవకగా ఇచ్చినా మనకొద్దు. మా వీధి ప్లంబరు సగం పూటలో బిగించాడు. తొట్టిలో పంపు నుంచి పైపు యూవీ గొట్టం మీదుగా వచ్చి డ్రమ్ము కింది భాగంలో పక్కవాటుగా లోపలికి వెళ్తుంది. ఎదురుగా కొట్టకుండా గోడ వెంబడి వెళ్తుంది కాబట్టి నీరు నెమ్మదిగా సుడి తిరిగి, బరువైన మడ్డి అడుక్కి దిగుతుంది. దాని పైన కోసిన ప్లాస్టిక్ క్రేటు, క్రేటు మీద గ్రీన్ నెట్ చుట్టలు, ఆ పైన ముతక స్పాంజి, అన్నిటికంటే పైన కే1 అనే, చిన్న చక్రాల్లాంటి ప్లాస్టిక్ మీడియా. మీడియాను ఉల్లిపాయల సంచుల్లో కట్టాను. పై అంచు దగ్గర రెండంగుళాల పైపు గుండా నీళ్ళు తిరిగి తొట్టిలోకి పడతాయి. అడుగున బాల్ వాల్వు. పంపు, యూవీతో కలిపి ఏడెనిమిది వేలలో తేలింది.

ఆ వాల్వు తిప్పినప్పుడు చూడాలి. పంపు ఆపి పావుగంట ఆగి తెరిస్తే ముందు చిక్కటి డికాషన్ లాంటి నీళ్ళు దూకుతాయి, వెనకే నెట్ ముక్కల నుంచి జారిన మడ్డి తుంపులు తుంపులుగా వస్తుంది. రెండు బకెట్లు పోయాక రంగు పలచబడుతుంది, మూడో బకెట్టు దగ్గర వాల్వు మూసేస్తాను. ఆ నీళ్ళు అరటి మొక్కలకు. ఎండాకాలంలో వారానికి రెండుసార్లు, మిగతా రోజుల్లో ఒకసారి ఈ పని చాలు. ఏ ఫిల్టరైనా మురికిని పట్టి ఉంచుతుందే తప్ప మాయం చేయదు. పట్టిన మురికి మీదుగానే నీళ్ళు పారుతుంటే అది అక్కడే కుళ్ళి మళ్ళీ అమ్మోనియా అయి తొట్టిలోకే వస్తుంది. ప్రెషర్ ఫిల్టరు ఉన్న రోజుల్లో నీళ్ళు అద్దంలా కనిపిస్తూనే టెస్టులో అమ్మోనియా తేలడానికి కారణం ఇదే.

తేటగా ఉన్న నీళ్ళన్నీ మంచి నీళ్ళు కావు. చేపల రెట్ట నుంచీ మొప్పల నుంచీ వచ్చే అమ్మోనియాను ఒక రకం బ్యాక్టీరియా నైట్రైటుగా, ఇంకో రకం ఆ నైట్రైటును నైట్రేటుగా మారుస్తాయి. మొదటి రెండూ చేపకు విషమే. నైట్రేటు బాగా పేరుకుంటే తప్ప హాని చేయదు. మన ఎండలకు ఇంకో చిక్కుంది. నీరు 30 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు పీహెచ్ 7 అయితే మొత్తం అమ్మోనియాలో విషపు భాగం ఒక శాతం లోపే, పీహెచ్ 8.5కు చేరితే అది అయిదో వంతు. నీళ్ళు ఆకుపచ్చగా మారిన తొట్టిలో మధ్యాహ్నానికి పీహెచ్ అంతవరకూ పోవడం మామూలే. అందుకే కిట్టుతో పరీక్ష పొద్దున ఒకసారి, మూడు గంటల ఎండలో ఒకసారి చేస్తేనే అసలు సంగతి తెలుస్తుంది.

ఆ బ్యాక్టీరియా ఉండేది మీడియా మీద పట్టే గోధుమ రంగు జిగురులో. చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది కాబట్టి పనిమనిషి దగ్గర నుంచి అత్తగారి దాకా అందరికీ దాన్ని కుళాయి కింద పెట్టి తళతళా తోమాలనే అనిపిస్తుంది. కుళాయి నీళ్ళలోని క్లోరిన్‌కు అది చచ్చిపోతుంది. మీడియా సంచులను తొట్టి నీళ్ళ బకెట్‌లోనే నాలుగుసార్లు ముంచి తీయాలి. అది కూడా ఈసారి సగం, మళ్ళీ కొన్ని వారాలకు మిగతా సగం. కొత్త ఫిల్టరు కుదురుకోవడానికి నెలా నెలన్నర పడుతుంది. అప్పటిదాకా మేత చిటికెడే.

పంపు గురించి. చాలామంది కూలర్ పంపు పెట్టేస్తారు, చవక కదా అని. రాత్రింబవళ్ళు ఆగకుండా తిరగడానికి అది పుట్టలేదు, రెట్ట ముక్కలకు ఇట్టే పట్టేస్తుంది. నేను వాడేది 40 వాట్ల పాండ్ పంపు. డబ్బా మీద గంటకు మూడు వేల లీటర్లని ఉంటుంది. అది ఎత్తు లేకుండా పారితే వచ్చే లెక్క. డ్రమ్ము అంచు దాకా ఎక్కేసరికి అంత ఎక్కడ? కొలవడం తేలిక. ఇరవై లీటర్ల బకెట్టు అవుట్‌లెట్ కింద పెట్టి సెల్‌ఫోన్‌లో టైము చూడండి. 36 సెకన్లలో నిండితే గంటకు రెండు వేలు వస్తున్నట్టు. నెలకోసారి ఇలా చూస్తే పంపు మూతికి చెత్త పట్టిందీ లేనిదీ ముందే తెలిసిపోతుంది. ఇంకోటి, నీళ్ళలో కరెంటుతో ఆటలొద్దు. ఆ లైనుకు 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను కట్ చేసే స్విచ్చి) పెట్టించండి. అది ఉన్నా సరే, తొట్టిలో చేయి పెట్టేముందు ప్లగ్గు పీకాల్సిందే.

యూవీ లైటు మీద నా అభిప్రాయం మధ్యస్థం. 11 వాట్లది. ఆకుపచ్చ నీళ్ళను వారం పది రోజుల్లో తేట చేస్తుంది, అందులో అనుమానం లేదు. గోడలకు పట్టే పాచిని, తీగల్లా సాగే నాచును మాత్రం ఏమీ చేయదు. ఏడాది దాటాక కూడా నీలంగా వెలుగుతూనే ఉంటుంది, కానీ పనిచేసే కిరణాలు తగ్గిపోతాయి. కాబట్టి బల్బు ఏటా వేసవి ముందు మార్చాలి, లోపలి గాజు గొట్టానికి పట్టిన తెల్లటి పొరను వెనిగర్‌తో తుడవాలి. వెలిగే బల్బు వైపు నేరుగా చూడకూడదు. తొట్టి మీద గ్రీన్ షేడ్ నెట్ కట్టాక ఈ లైటు అవసరం సగానికి సగం తగ్గింది. నెట్ వల్ల వేపాకులూ పడవు, లకుముకి పిట్టా రాదు. డబ్బులు ఒకదానికే ఉంటే ముందు నెట్ కట్టించండి.

జియోలైటు అమ్మోనియాను పీల్చే మాట నిజమే. కానీ చేపకు జబ్బు చేసిందని తొట్టిలో ఉప్పు వేస్తే పీల్చిందంతా తిరిగి వదిలేస్తుంది. ఉప్పు వేసేముందు జియోలైటు సంచి బయటికి తీయాలి. ప్రోబయోటిక్ పొడులు షాపువాడు ఎంత పొగిడినా ఈ సైజు తొట్టిలో నాకు తేడా కనిపించలేదు. నైట్రేటుకు గుర్రపుడెక్క చాలు, ఊరికే దొరుకుతుంది. కోయిలు వేళ్ళు కొరికేస్తాయి కాబట్టి ప్లాస్టిక్ బుట్టలో తేలుస్తాను. ఎక్కువైన మొక్కలను ఎండబెట్టి ఎరువు గుంటలో వేయండి, కాలవలో పడేయకండి. అక్కడ ఉన్నది చాలక మనది ఎందుకు!

డ్రమ్ము అసలు పరీక్ష కరెంటు పోయినప్పుడు. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మాకు కరెంటు చాలాసేపు లేదు. పారే నీరు ఆగితే ఫిల్టరులోని బ్యాక్టీరియా ఉన్న కాస్త ఆక్సిజన్‌ను వాడేసుకుని చావడం మొదలుపెడుతుంది, కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంది. కరెంటు రాగానే పంపు ఆన్ చేస్తే ఆ విషమంతా చేపల మీదికే. ముందు డ్రెయిన్ తెరిచి డ్రమ్ము మొత్తం ఖాళీ చేసి, ఆ తర్వాతే పంపు వేయాలి. మూతబిగించిన పాత ఫిల్టరుతో ఇదెలా చేసేవాణ్ణో ఊహించుకోలేను. తొట్టికి మాత్రం ఇన్వర్టరు మీద చిన్న ఎయిర్ పంపు నడిచింది. మే నెలలో అయితే అదే ప్రాణాధారం. 25 డిగ్రీల నీళ్ళు లీటరుకు 8 మిల్లీగ్రాముల పైచిలుకు ఆక్సిజన్ పట్టుకుంటే 35 డిగ్రీల దగ్గర 7కు అటూఇటూ అంతే. తెల్లవారుజామున అది కూడా ఉండదు. మా చెరువుల రైతులు మబ్బు పట్టిన రోజు మేత ఆపేస్తారు. పెరటి తొట్టికీ అదే పద్ధతి.

లోపాలు లేకపోలేదు. స్పాంజి బయటికి తీయాలంటే పైనున్న మీడియా సంచులన్నీ ఎత్తాలి, నడుము పట్టేస్తుంది. డ్రమ్ము అందంగా ఉండదు. మేం చుట్టూ తడికె కట్టి మల్లెతీగ పాకించాం. పంపూ యూవీ కలిసి నెలకు 36, 37 యూనిట్లు కాలుస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో గోదావరి కాలవలు కట్టేసినప్పుడు కుళాయి నీళ్ళు చూసి చూసి వాడుకోవాలి. డ్రెయిన్‌కు పోయే నీళ్ళు అప్పుడు బరువే, కాకపోతే వారం వారం తొట్టిలో పదో వంతు ఎలాగూ మార్చాలి కాబట్టి రెండూ ఒకే లెక్కలో పోతాయి.

అన్నిటికంటే పెద్ద లోపం డ్రమ్ముది కాదు, తొట్టిది. పంపు తొట్టిలోనే ఉండటంతో రెట్టను మొదట అదే నలిపి పిండి చేస్తుంది, సన్నటి పిండి సుడిలో దిగదు. తొట్టి అడుగు నుంచే నాలుగంగుళాల పైపు వేసి, మురికి దానంతటదే డ్రమ్ములోకి వచ్చేలా చేసి, పంపును డ్రమ్ము తర్వాత పెడితే ఫిల్టరు పని సగం తేలికవుతుంది. అప్పుడు డ్రమ్ము అంచు కూడా తొట్టి నీటి మట్టానికి దగ్గరగా ఉండాలి, అంటే దాన్ని గోతిలో దింపాలి. కొత్తగా కట్టించేవాళ్ళు ఇదంతా మేస్త్రి అడుగు కాంక్రీటు పోయకముందే చెప్పి పైపు వేయించుకోండి. కట్టేశాక పగలగొట్టి వేయిస్తే ఆ జాయింటు దగ్గర లీకు ఆపడం ఎవరి తరమూ కాదు.