లాంచ్ లగ్గా, రైల్ బటనా: చిన్న రాకెట్‌కి ఏది మేలు?

సైన్స్ ఫెయిర్ల సీజన్ వచ్చిందంటే చాలు, విజయనగరం, శ్రీకాకుళం కుర్రాళ్ల నుంచి ఒకటే ఫోన్లు: "మాస్టారూ, రాకెట్‌కి లగ్ అతికించాలా, బటన్లు బిగించాలా?" (బాణసంచా మందుతో సొంతంగా మోటార్ చేశామని చెబితే మాత్రం ఫోన్ పెట్టేస్తాను.)

లగ్ అంటే రాకెట్ పక్కన అతికించే చిన్న గొట్టం, నిలబెట్టిన కడ్డీ మీద జారుతుంది. బటన్లంటే స్క్రూతో బిగించే చిన్న గుండీలు, అల్యూమినియం సెక్షన్ గాడిలో జారతాయి. రెండిటి పనీ ఒకటే. వేగం అందుకుని రెక్కలకి గాలి పట్టు దొరికేదాకా రాకెట్ పక్కకి పోకుండా చూడాలి. చాలామంది బరువు చూసి తేల్చేస్తారు. నేను ముందు గొట్టం గోడ చూస్తాను.

మనవాళ్లు వాడేవి చాలావరకు కాగితం గొట్టాలు. గోడ మిల్లీమీటరు మందం కూడా ఉండదు, అందులో స్క్రూ నిలవదు. బటన్ పెట్టాలంటే దాని వెనక స్క్రూ దిగడానికి చెక్క ఉండాలి. వెనక బటన్‌కి మోటార్ గొట్టం చుట్టూ ఉండే ప్లైవుడ్ రింగు సరిపోతుంది. రెండోది బరువు కేంద్రం దగ్గర పడాలి, అక్కడ లోపల ఏమీ ఉండదు. చెక్కముక్కని గొట్టం వంపుకి తగ్గట్టు అరగదీసి అరాల్డైట్‌తో అతికించాలి. స్క్రూ మొన లోపలికి పొడుచుకొస్తే పారాచూట్ అక్కడే చిక్కుకుంటుంది, కాబట్టి వేలు పెట్టి తడిమి చూడండి. మరీ బిగించకండి, బటన్ వేలితో తిప్పితే తిరగాలి.

లగ్‌కి ఇంత తతంగం లేదు. 2022లో ప్లాస్టిక్ స్ట్రాల నిషేధం వచ్చాక జ్యూస్ ప్యాకెట్లతో ఇస్తున్న కాగితం స్ట్రా ముక్క చాలు. గొట్టాన్ని తలుపు చట్రం మూలలో ఆనించి నిలువుగీత గీయండి. గీత మీది నునుపు పొరని సన్న ఎమరీతో గీకి, రెండువైపులా ఫెవికాల్ పలచగా రాసి, కాస్త ఆగి నొక్కండి. ఆరాక రెండు పక్కలా ఇంకో వరస ఫెవికాల్ వేసి వేలితో నున్నగా లాగండి. కాగితంలోకి జిగురు ఇంకుతుంది గనక, లాగితే కాగితమే చిరుగుతుంది తప్ప అతుకు ఊడదు. ఫెవిక్విక్ తొందరగా పట్టుకుంటుంది గానీ కుదుపుకి పెళుసుగా విరుగుతుంది. వానాకాలం మన దగ్గర తేమ ఎక్కువ, రాత్రంతా ఆరనివ్వండి.

కడ్డీకి వెల్డింగ్ సామాన్ల షాపులో దొరికే మీటరు పొడవు స్టెయిన్‌లెస్ టిగ్ రాడ్డు తీసుకోండి. మామూలు ఇనుప తీగ సముద్రపు గాలికి తుప్పెక్కి లగ్‌లో పట్టేస్తుంది.

బటన్లు గెలిచే చోటు ఒకటుంది. బరువైన రాకెట్ పెడితే సన్న కడ్డీ ఊగుతుంది, మధ్యాహ్నం కళింగపట్నం వైపు గాలికి ఇంకా ఎక్కువ. 20 మిల్లీమీటర్ల అల్యూమినియం సెక్షన్ అలా ఊగదు. పావుకిలో దాటితే నేనూ బటన్లే అంటాను, లోపల చెక్క పెట్టే ఓపిక ఉంటేనే. గాలి గంటకి 32 కిలోమీటర్లు దాటితే మాత్రం ఏది పెట్టినా ఎగరేయకూడదు.

త్రీడీ ప్రింటర్‌తో చేసిన అతికించే బటన్లు పర్వాలేదు. రాకెట్ చుట్టూ కడ్డీలు నిలబెట్టి వాటి మధ్య నుంచి ఎగరేసే టవర్ లాంచర్ జోలికి మొదటి రాకెట్‌కే పోవద్దు.

రంగు వేశాక లగ్‌లోకి కడ్డీ ఓసారి దూర్చి చూడండి. లోపల రంగు గడ్డకట్టి ఉంటే గుండ్రంగా చుట్టిన ఎమరీతో గీకేయండి. రాకెట్ తన బరువుకే కడ్డీ మీద జారి కిందికి దిగాలి.