మూడేళ్ళు వాడాక: పరికరాల తయారీ గ్రాంటు, ఒక కాలిపోయిన మోటరు

పరిశోధన పరికరాలు సొంతంగా తయారు చేసేవాళ్ళకిచ్చే ఈ గ్రాంటు ఎంత ఇస్తారు, ఎన్నేళ్ళకి ఇస్తారు, ప్రపోజల్ ఎలా పెట్టాలి అన్నవి ప్రకటనలోనే ఉంటాయి, వాటి జోలికి వెళ్ళను. నేను చెప్పాలనుకున్నది ఒక్క సంగతి: హెడ్లు, అంటే గ్రాంటు డబ్బుని విడగొట్టే ఖర్చు పద్దులు. ఎక్విప్‌మెంట్ ఒక హెడ్, కన్స్యూమబుల్స్ (వాడేకొద్దీ అయిపోయే సామాన్లు) ఇంకో హెడ్, ప్రయాణాలు మరొకటి. పరికరం కొనుక్కునేవాళ్ళకి ఈ గీతలు పెద్దగా అడ్డం రావు. తయారు చేసేవాడికి మాత్రం అడుగడుగునా కాలికి తగులుతాయి.

మాది ఉత్తరాంధ్రలో ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయం, ఫిజిక్స్ విభాగం. గ్రాంటు తీసుకున్నది ఫీల్డ్ మిల్ తయారీకి. మబ్బు కింద గాలిలో విద్యుత్ క్షేత్రం ఎంతుందో కొలిచే పరికరం అది. రెక్కలున్న స్టీలు చక్రం తిరుగుతూ లోపలి పలకల్ని మూస్తూ తెరుస్తూ ఉంటుంది. తెరిచినప్పుడల్లా వాటి మీద చేరే చార్జ్‌ని బట్టి క్షేత్రం లెక్క కడతాం. వాన నీళ్ళు పడకుండా తలకిందులుగా వేలాడదీశాం. ప్రపోజల్ మొదటి పేజీలో, 2018 ఏప్రిల్ 24న మన రాష్ట్రంలో 13 గంటల్లో 36,749 పిడుగులు నమోదయ్యాయన్న లెక్క రాశాను. కమిటీ ప్రశ్నలన్నీ దాని చుట్టూనే తిరిగాయి. మోటరు ఎన్నిసార్లు కాలుతుందని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

చెప్పాల్సింది. చక్రం రోజుకి 24 గంటలు తిరగాలి, సముద్రపు గాలిలో, వానలో. మొదటి ఏడాది మోటరు బిల్లు తీసుకెళ్తే అకౌంట్స్ సెక్షన్‌లో ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, సీరియల్ నంబరు ఉంది కాబట్టి ఎక్విప్‌మెంట్ అన్నారు. 2,400 రూపాయల మోటరు స్టాకు రిజిస్టర్లోకి ఎక్కింది, దాని ఒంటి మీద తెల్ల పెయింటుతో నంబరు పడింది. అప్పుడు నవ్వుకున్నాం.

రెండో ఏడాది ఏప్రిల్‌లో ఓ ఊరి స్కూలు డాబా మీద పెట్టిన మిల్లు ముందు పిచ్చి రీడింగులిచ్చింది, తర్వాత ఆగిపోయింది. వెళ్ళి విప్పితే రెండు రోగాలు. పలకకీ చుట్టూ ఉన్న రింగుకీ మధ్య సాలీడు గూడు కట్టింది. తెల్లవారుజామున మంచుకి ఆ గూడు తడిసి చార్జ్ అంతా దాని మీదుగా జారిపోతోంది. అది పుల్లతో తీసేస్తే పోయింది. రెండోది మోటరు. బేరింగు తుప్పు పట్టి బిగుసుకుపోయింది, వైండింగ్ కాలిన వాసన.

కొత్త మోటరు కొనబోతే అకౌంట్స్‌లో ఆయన దగ్గర మొదలైంది అసలు కథ.

“సార్, స్టాకులో ఒకటి ఉంది కదా, రెండోది ఎందుకు?”

“అది కాలిపోయిందండీ.”

“అయితే కండెమ్నేషన్ కమిటీకి పెట్టండి. వాళ్ళు పనికిరాదని రాస్తే కొత్తది కొనొచ్చు.”

ఆ కమిటీ మా దగ్గర ఏడాదికోసారి కూర్చుంటుంది. పోనీ, కన్స్యూమబుల్స్‌లో కొంటానన్నాను. ఆయన రిజిస్టరు తిప్పి చూపించారు: ఆ హెడ్‌లో మిగిలింది 1,100 రూపాయలు. ఎక్విప్‌మెంట్ హెడ్‌లో మాత్రం ఆసిలోస్కోప్ (విద్యుత్ సంకేతాల్ని తెర మీద గీతగా చూపే పరికరం) కోసం దాచిన 6 లక్షల 40 వేలు చెక్కు చెదరకుండా ఉన్నాయి. ఆ హెడ్ నుంచి ఈ హెడ్‌కి 50 వేలు మార్చమని ఏప్రిల్ 18న ఉత్తరం పెట్టాను. ఆగస్టులో ఎందుకు మార్చాలో వివరించమని తిరుగు ఉత్తరం వచ్చింది. నవంబరులో అనుమతి వచ్చింది. మా వైపు ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రాలు ఉరుములొచ్చే కాలం. నవంబరులో మోటరు పెట్టుకుని నేనేం కొలవను?

చివరికి సొంత డబ్బుతో కొన్నాను. లేత్ షాపులో మేస్త్రీ నన్ను చూడగానే “ఏటి మాస్టారూ, మళ్ళీనా?” అని నవ్వి, టెఫ్లాన్ రాడ్డు ముక్కతో కొత్త స్పేసర్లు తిప్పిచ్చాడు. బిల్లు అడిగితే టీ కప్పు కింద ఉన్న కాగితం మీద రాసిచ్చాడు. అది ఏ హెడ్‌లోకీ రాదు.

మే రెండో వారంలో మిల్లు మళ్ళీ తిరిగింది. ఓ సాయంత్రం నాలుగింటికి రీడింగు మామూలుగానే ఉంది, మీటరుకి 120 వోల్టులు. కాసేపటికి సున్నాకి దిగి, గుర్తు మారి, అటు వైపు వేలల్లోకి ఎక్కింది. అప్పటికి ఉరుము వినపడలేదు. మొదటి మెరుపుకి తెర మీద రీడింగు గీత నిలువునా ఎగిరి, మళ్ళీ మెల్లగా పాకుతూ వెనక్కి వచ్చింది. మా రీసెర్చ్ స్కాలరు ఫోన్లో వీడియో తీస్తూ ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఉరుముకి 18 నిమిషాల ముందే మాకు తెలిసింది. ఈ గ్రాంటు లేకపోతే ఆ గీత లేదు, ఆ మాట కాదనలేను.

మొదటి ఆరు నెలల్లో మా డిపార్ట్‌మెంట్ గ్రూపులో నేనే రాశాను, “అడిగినంతా ఇచ్చారు, ఒక్క రూపాయి కొయ్యలేదు” అని. అది నిజమే. కాకపోతే ఏం అడగాలో అప్పటికి నాకు తెలీదు. పెద్ద పరికరం పేరు కనిపిస్తే ప్రపోజల్ బరువుగా ఉంటుందని ఎవరో చెబితే ఆసిలోస్కోప్ రాశాను. డబ్బు టైముకి వచ్చిందని కూడా రాశాను. వచ్చింది, జీరో బ్యాలెన్స్ ఖాతాలోకి, అంటే చేతికి డబ్బు కాదు, ఇంతవరకు ఖర్చు పెట్టుకోవచ్చన్న పరిమితి. మార్చి 31 దాటితే ఖర్చు కాని పరిమితి వెనక్కి పోతుంది, కొత్తది ఎప్పుడొస్తే అప్పుడే. ఆ ఆసిలోస్కోప్ మార్చి నెలాఖరులో ఎంత టెన్షన్‌తో కొన్నామో వేరే చెప్పక్కర్లేదు.

2025 జూన్‌లో కేంద్ర ఆర్థిక శాఖ పరిశోధన సంస్థలకి కొనుగోలు నిబంధనలు సడలించింది. కొటేషన్లు లేకుండా కొనే పరిమితి లక్ష నుంచి 2 లక్షలకి పెరిగింది. ప్రభుత్వ కొనుగోళ్ళ వెబ్‌సైటు జెమ్ పోర్టల్‌కి బయట కొనడానికి వీసీలూ డైరెక్టర్లూ అనుమతి ఇవ్వొచ్చు. మంచిదే. మాకు వర్తిస్తుందా అని అడిగితే ఫైలు పైన ఉందన్నారు. వర్తించినా హెడ్ల గోడ అలాగే ఉంటుంది, అది వేరే సంగతి.

తీసుకోమంటారా అని అడిగితే, నాకైతే పనికొచ్చింది. నాది రెగ్యులర్ ఉద్యోగం, అవసరానికి జేబులోంచి పెట్టగలిగాను. ఊళ్ళో అరువు పెట్టే లేత్ మేస్త్రీ ఉన్నాడు. ఈ రెండూ లేని కాంట్రాక్టు లెక్చరరుకి ఇదే మాట చెప్పలేను. పెట్టేటట్టయితే కన్స్యూమబుల్స్ మీకు సిగ్గేసేంత రాయండి, మోటర్లూ బేరింగులూ సర్క్యూట్ బోర్డులూ అన్నీ ‘నమూనా విడిభాగాలు’ అని అందులోనే పెట్టండి. ఈసారి నేను అలాగే పెట్టాను. అవును, మళ్ళీ పెట్టాను.

కాలిన మోటరు ఇంకా మా ల్యాబ్ బీరువాలోనే ఉంది, ప్లాస్టిక్ కవర్లో. ప్రాజెక్టు మూసేశాం, లెక్కలు అప్పజెప్పాం. మొన్న స్టాకు వెరిఫికేషన్‌కి వచ్చినాయన కవరు విప్పి, నంబరు సరిచూసుకుని, ‘ఉన్నది’ అని టిక్కు పెట్టి వెళ్ళాడు.